కాశీని చిత్రించిన టంకశాల అధికారి జేమ్స్ ప్రిన్సెప్

పాశ్చాత్య చిత్రకారులు కాశీ పట్టణాన్ని చాలాకాలం గంగ మీది నుండే చూశారు. విలియం హాడ్జెస్ 1781లో వారన్ హేస్టింగ్స్ పరివారంతో అక్కడికి వచ్చారు. కాశీరాజు చేత్ సింగ్ తిరుగుబాటు చెలరేగడంతో ఆ పరివారంతో పాటే చునార్‌కు తరలిపోవలసి వచ్చింది. ఆ తరువాత కొన్నేళ్ళకు థామస్ డేనియల్, ఆయన సోదరుని కుమారుడు విలియం డేనియల్ దేశయాత్రలో భాగంగా వచ్చి ఘాట్లను గీసుకుని వెళ్ళారు. వీరి చిత్రాలు మనోహరమైనవే. కాని అవి బాటసారులు చూసిన కాశీ. ఆ ఊరి సందుల్లో పదేళ్ళు తిరిగి, నేలను గొలుసుతో కొలిచి, మురుగుకాలువ త్రవ్వించి, ఆ పైన కుంచె పట్టినవాడు జేమ్స్ ప్రిన్సెప్ ఒక్కరే. ఆయన వృత్తి చిత్రకళ కాదు. టంకశాలలో వెండి బంగారాల నాణ్యతను పరీక్షించే ఉద్యోగం.

ప్రిన్సెప్ 1799 ఆగస్టు 20న జన్మించారు. తండ్రి జాన్ ప్రిన్సెప్ చేతిలో సొమ్ము లేకుండా భారతదేశానికి వచ్చి, నీలిమందు సాగులో ధనార్జన చేసి స్వదేశానికి మరలినవాడు. తరువాత వ్యాపారంలో నష్టం రావడంతో పెద్ద కుటుంబం ఇబ్బందుల పాలయింది. జేమ్స్‌కు బాల్యం నుండి రెండు విద్యలు సహజంగా అబ్బాయి. ఒకటి సూక్ష్మమైన రేఖాచిత్రణ, రెండవది యంత్రాల పట్ల నేర్పు. అది గమనించి ఆయనను అగస్టస్ ప్యూజిన్ వద్ద వాస్తుశిల్పం నేర్వడానికి పంపారు. కాని కంటి జబ్బు వచ్చి చూపు దెబ్బతిన్నది. సన్నని గీతలతో రాత్రింబవళ్ళు పనిచేయవలసిన ఆ వృత్తి ఇక సాగదని తేలింది. భారతదేశపు టంకశాలలలో ఉద్యోగావకాశం ఉన్నదని తెలిసి తండ్రి ఆయనకు రసాయనశాస్త్రం, లోహపరీక్ష నేర్పించారు. కంటిచూపు తక్కువని ఒక వృత్తి నుండి తప్పించిన యువకుడు తరువాతి జీవితమంతా ఇతరుల కంటికి ఆనని వాటిని చూడడానికే వెచ్చించడం విచిత్రం.

1819 సెప్టెంబరు 15న కలకత్తా చేరేనాటికి ఆయన వయస్సు ఇరవై. సంవత్సరం తిరగకముందే కాశీ టంకశాలకు లోహపరీక్షాధికారిగా నియమితులై, 1830లో ఆ టంకశాల మూతపడే వరకు అక్కడే ఉన్నారు. ఒక గ్రెయిన్‌లో మూడువేలవ వంతును సైతం చూపగల త్రాసును తయారుచేశారు. కొలిమి వేడిని కొలిచే పద్ధతులపై ఆయన సాగించిన పరిశోధన 1828లో లండన్ రాయల్ సొసైటీ ప్రచురణలో వెలువడింది.

ఉద్యోగం పోగా మిగిలిన సమయమంతా ఊరిదే. 1822లో కాశీని సర్వే చేసి, మైలుకు 8 అంగుళాల చొప్పున పటం గీశారు. జనసంఖ్యను లెక్కించారు. అంతకు ముందు ఆ పట్టణంలో ఆరు లక్షల వరకు జనం ఉన్నారని చెప్పుకునేవారు. ప్రిన్సెప్ లెక్కలో అది రెండు లక్షల లోపే తేలింది. ఔరంగజేబు మసీదు మినార్లు కూలే స్థితికి రాగా వాటిని బాగుచేయించారు. కర్మనాశ నదిపై రాతివంతెన కట్టించారు. నిలువనీటి వలన రోగాలు ప్రబలుతున్నాయని భూగర్భంలో కమానుకట్టు కాలువ నిర్మించి, ఆ నీటిని వెలుపలికి తరలించారు. ఆ పనిలో మచ్ఛోదరి సరస్సు ఎండిపోయింది. అది కాశీఖండం ప్రశంసించిన మత్స్యోదరీ తీర్థం. ఊరి ఆరోగ్యానికి మేలు చేసిన చేయే ఒక పురాణతీర్థాన్ని రూపుమాపింది. కాశీని ప్రేమించినవాడైనా ఆయన కంపెనీ ఉద్యోగియే; ఏది తీర్థం, ఏది మురికిగుంట అన్న నిర్ణయం ఆయన చేతిలో ఉండేది. ఆయన బొమ్మలను మెచ్చుకునేటప్పుడు ఈ సంగతిని మరువరాదు.

ఆ బొమ్మలు నీటిరంగులలో వేసినవి. 1829లో ఆయన వాటిని లండన్‌కు పంపగా, అక్కడి ప్రసిద్ధ చిత్రకారులు రాతిపైకి ఎక్కించి అచ్చువేశారు. 1830, 1834 సంవత్సరాల మధ్య అవి సంపుటాలుగా వెలువడ్డాయి. వాటిలో ఘాట్లు లేకపోలేదు. అయితే విలువైనవి ఊరి లోపలి దృశ్యాలు. ఠఠేరీ బజారులో ఇత్తడి, రాగి పాత్రల అంగళ్ళు, అన్నపూర్ణ ఆలయంలో పురాణం చెప్పే పండితుడు, ఆయన చుట్టూ చేరిన శ్రోతలు, గ్రహణస్నానానికి కిక్కిరిసిన జనం, రామలీల, మొహర్రం తాజియాల ఊరేగింపు వాటిలో కనిపిస్తాయి. అంతకు ముందటి చిత్రాలలో మనుషులు మేడల ఎత్తును తెలపడానికి నిలిపిన చుక్కల వంటివారు. ప్రిన్సెప్ చిత్రాలలో వారు ఏదో ఒక పనిలో ఉంటారు. ఇంటి మొగసాల, స్తంభం చెక్కడం, చావడి నీడ అన్నీ కొలతకు నిలిచేవే. వాస్తుశిల్పి కాలేకపోయినవాని చేయి అక్కడ తెలుస్తుంది. ఆయన గీసిన మసీదు మినార్లు నేడు లేవు. ఒకటి 1948లో కూలగా, రెండవదానిని తరువాత తొలగించారు.

ప్రిన్సెప్ కాశీని విడిచిన 1830వ సంవత్సరంలోనే, మే 18న, ఏనుగుల వీరాస్వామి గారు మద్రాసు నుండి కాశీయాత్రకు బయలుదేరారు. సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన దినచర్యగా వ్రాసిన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. ఒకే కాలపు కాశీ ఒకరి చేతిలో రేఖలుగా, మరొకరి చేతిలో తెలుగు మాటలుగా నిలిచింది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూసే భాగ్యం తెలుగు పాఠకునికి ఉన్నది.

కలకత్తాలో ప్రిన్సెప్ 1832లో ప్రధాన లోహపరీక్షాధికారి అయ్యారు. ఏషియాటిక్ సొసైటీ కార్యదర్శిత్వం, పత్రికా సంపాదకత్వం కూడా ఆయనపై పడ్డాయి. 1835లో దేశమంతటికీ ఒకే తూకపు రూపాయి రావడంలో ఆయన కృషి ఉన్నది. ఆ పైన ఎవరికీ అంతుపట్టని ప్రాచీన లిపి ఆయనను పట్టుకున్నది. దేశం నలుమూలల నుండి వచ్చే నకళ్ళను పక్కపక్కన పరచి, అక్షరం అక్షరం పోల్చి చూసేవారు. సాంచి స్తూపపు చిన్న చిన్న శాసనాలన్నీ ఒకే జంట అక్షరాలతో ముగియడం గమనించి, అవి కానుకలను తెలిపేవని, ఆ పదం దానమని గ్రహించారు. 1837లో బ్రాహ్మీ లిపి విడివడింది. ఢిల్లీ స్తంభశాసనం, గిర్నార్ శాసనం, ఒరిస్సాలోని ధౌలి శాసనం చదువబడి అశోకుని ధర్మలేఖలు లోకానికి తెలిశాయి. నాడు మద్రాసు రాజధానిలో చేరి ఉన్న గంజాం జిల్లాలో, ఋషికుల్యా తీరాన గల జౌగఢ శాసనానికి వాల్టర్ ఇలియట్ నకలు తీసింది 1850లో. దానిని చదవడానికి మార్గం అప్పటికే సిద్ధంగా ఉన్నది.

అది చూడడానికి ప్రిన్సెప్ లేరు. పగలు టంకశాల, రాత్రి శాసనాలు, మధ్య పత్రిక ప్రూఫులు. ఈ శ్రమకు దేహం తట్టుకోలేదు. 1838లో తీవ్రమైన తలనొప్పులు మొదలయ్యాయి. ఆ ఏడాది చివర ఓడ ఎక్కించి ఇంగ్లండుకు చేర్చినా ఫలితం లేకపోయింది. మెదడు వ్యాధితో 1840 ఏప్రిల్ 22న లండన్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు నలభై ఏళ్ళు. వివాహమై అయిదేళ్ళు, కుమార్తె పసిబిడ్డ. తరువాత కలకత్తాలో హుగ్లీ ఒడ్డున ఆయన పేరిట స్తంభాల మంటపంతో ఒక ఘాటు కట్టించారు.