రాజా దీనదయాళ్

గుంటూరు సీమ నల్లరేగడిలో పండు ప్రత్తి నూలుగను, వస్త్రముగను మారుట ఎల్లరు నెరిగినదే. ఆ ప్రత్తినే నత్రికామ్ల గంధకామ్లముల మిశ్రమములో నానవేసి, చక్కగా కడిగి ఆరబెట్టి, ఈథరు, ఆల్కహాలులలో కరగించినచో కొలోడియన్ అను జిగురు ద్రవ మేర్పడును. ఒకప్పుడు ఛాయాచిత్రకారులకు ఈ జిగురే ఆధారము. ఆ విద్యతో హైదరాబాదు సంస్థానమున రాజ బిరుదము నందిన ఘనుడు దీనదయాళ్.

ఆయన 1844లో మీరటు సమీపమునందలి సర్ధానాలో ఒక జైన కుటుంబమున జన్మించెను. రూర్కీ కళాశాలలో ఇంజనీరింగు నభ్యసించి, 1866లో ఇండోరు మరామతు శాఖలో పటములు గీయు ఉద్యోగమున చేరెను. 1874లో కెమెరా చేపట్టెను.

ఆ దినములలో ఫొటో తీయుట నేటివలె మీట నొక్కుట కాదు. లవణములు కలిపిన కొలోడియన్‌ను గాజుపలకపై సమముగా పోసి, చీకటిగదిలో వెండి నైట్రేటు ద్రావణమున ముంచవలెను. ఆ గదిలో పండుమిరప వన్నెగల అద్దము చాటున చిన్న దీపము మాత్ర ముండును. ఎఱ్ఱని వెలుగు పలకను చెఱుపదు. పలక తడి యారకమునుపే కెమెరాలో నుంచి బొమ్మ తీసి, వెనువెంటనే తెచ్చి డెవలపరు పోయవలెను. బొమ్మ పైకి తేలగనే నీటితో కడిగి, మిగిలిన వెండి లవణమును హైపోతో తొలగింపవలెను. ఇదంతయు సుమారు పది నిమిషములలో ముగియవలెను. వేసవి యెండలో ఈథరు ఇట్టే ఆవిరియగును. అడవిలోని శిథిలాలయమును తీయవలెనన్న గుడారమే చీకటిగది. నీళ్ల కుండలు, సీసాలు, గాజుపలకలు వెంట మోయింపవలసినదే. పలకపై తెలుపు నలుపుగను, నలుపు తెలుపుగను కనబడును. దానిని నెగటివు అందురు. గ్రుడ్డుసొన పూసిన కాగితమును దాని క్రింద నుంచి యెండలో పెట్టినగాని అసలు బొమ్మ రాదు.

దీనదయాళ్ మధ్యభారతములోని దేవాలయములను, కోటలను అనేకముగా చిత్రించెను. గోడల కొలతలెఱిగిన ఇంజనీరగుటచే కాబోలు, ఆయన చిత్రములలో కట్టడములు వంకర పోవు. పని పెరిగిన కొలది కొలువు అడ్డయ్యెను. నెల తిరుగుసరికి చేతికందు సర్కారు జీతమును వదలుకొనుట ఆ కాలమున సామాన్యమైన తెగువ కాదు. ఆయన వదలుకొనెను. 1886లో సికిందరాబాదున స్టూడియో తెఱచెను. పరదా పాటించు స్త్రీలకొఱకు 1892లో వేఱుగా మఱియొక స్టూడియో నెలకొల్పి, దాని నొక ఆంగ్ల వనిత కప్పగించెను. ఆఱవ నిజాము మహబూబ్ ఆలీఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగా నియమించి రాజ బిరుద మొసగెను. దర్బారులు, వేటలే కాక, కఱవు బాధితుల సహాయ శిబిరములు సైతము ఆయన కెమెరాకెక్కినవి.

1905లో దీనదయాళ్ కీర్తిశేషుడయ్యెను. ఆయన సంస్థకు చెందిన 2857 గాజు నెగటివులను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము సేకరించెను. ప్రభువుల తెల్లని తలపాగాలు ఆ పలకలలో నేటికిని నల్లగానే యున్నవి.