సవర పలుకుకు చెవియొగ్గిన పంతులుగారు

కొల్లేటి ఒడ్డున, మన పెదపాడు ప్రాంతంలో, లంక అనే మాటను ఇంగ్లీషులోకి మార్చమని విద్యార్థిని అడగడం సులభం. ద్వీపమనే అర్థంలో అతడు వ్రాసిన జవాబును దిద్దడమే కష్టం. నీరు పొంగినప్పుడు దోనె లేనిదే గడప దాటలేని బ్రతుకు, చేపలవేట, వరదభయం అన్నీ కొల్లేటి లంక అనే మాటలో ఇమిడి ఉన్నవి. గోదావరి లంక వేరు. అది ఏరు మేటవేసిన మెరక. రావణుని లంక సంగతి చెప్పనే అక్కరలేదు. మాటకు మాట దొరికినా మాట వెనుకనున్న జీవితం దొరకదు. ఈ చిక్కుతో దశాబ్దాల తరబడి పెనుగులాడిన మహనీయుడు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు.

వ్యావహారిక భాషోద్యమ పితగా ఆయనను ఎరుగని తెలుగువారు లేరు. కాని ఆయన జీవితంలో ఆ ఉద్యమానికి ముందే ఆరంభమై, ఆయనతో కడదాకా నడచిన మరొక తపస్సున్నది. అది సవరభాషా పరిశ్రమ.

పంతులుగారు 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగ క్షేత్రానికి చేరువనున్న పర్వతాలపేటలో జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయి, విజయనగరం మహారాజావారి పాఠశాలలో చదివి, 1879లో మెట్రిక్యులేషన్ ముగించారు. గురజాడ అప్పారావుగారు అక్కడ ఆయనకు సహాధ్యాయి. మరుసటి సంవత్సరమే పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులై చేరారు. చరిత్ర బోధించారు, ముఖలింగ శాసనాలను స్వయంగా చదువ నేర్చారు, ఉద్యోగం చేసుకుంటూనే బి.ఏ. పట్టం పొందారు.

పర్లాకిమిడి చుట్టునున్న కొండలు సవరల నివాసం. సంతకూ, కచేరీకీ దిగివచ్చిన సవరలు తమ మాట తెలియని వ్యాపారుల చేతిలో మోసపోవడం, అధికారుల ముందు నోరు మెదపలేక నిలిచిపోవడం ఆ కాలంలో సామాన్యం. వారి పిల్లలకు బడి లేదు. బడి పెట్టినా చెప్పేది తెలుగులోనో ఒరియాలోనో. అందుచేత పంతులుగారు వారి భాషను నేర్చుకొన పూనుకున్నారు. అప్పటికి దానికి లిపి లేదు, చెప్పుకోదగిన వ్యాకరణమూ నిఘంటువూ లేవు. సవరలను ఇంట ఉంచుకొని, వారితో కొండలెక్కి, విన్న మాటనెల్లా వ్రాసుకున్నారు. తరువాతి కాలంలో కుమారులు సీతాపతిగారు కూడ ఈ కృషిలో తోడైనారు.

ఆ భాష తెలుగుకు గాని ఒరియాకు గాని బంధువు కాదు. సంతాలీ, ముండారీ భాషలవలె ముండా శాఖకు చెందినది. దాని దూరపు చుట్టాలు కంబోడియా, వియత్నాం దేశాలలో ఉన్నవి. గొంతులో గాలిని క్షణకాలం బిగబట్టి పలికే ధ్వని దానిలో ఉన్నది. మన వర్ణమాలలో దానికి అక్షరం లేదు. మనం పదింటిపై ఒకటి చేర్చి పదకొండు అంటాము. సవరలు పన్నెండు దాకా లెక్కించి, పదమూడును పన్నెండు మీద ఒకటి అంటారు. ఇరవై మరొక మజిలీ. ముప్పదిమూడు కావాలంటే ఇరవై, పన్నెండు, ఒకటి అని చెప్పాలి. ఇక క్రియాపదం సంగతి మరీ విచిత్రం. పొడవడమనే క్రియలోనే కత్తి, కడుపు, పొడిపించుకొనేవాడు అందరూ చోటు చేసుకుంటారు; మనకొక వాక్యమైనది వారికొక మాట.

అర్థాల విషయంలో చిక్కు ఇంకా లోతైనది. సవరలకు సొనుమ్ అనే మాట ఉన్నది. చనిపోయినవారు సొనుమ్ అవుతారు. దానిని దయ్యమంటే భయం మిగులుతుంది, ప్రేమ పోతుంది. దేవత అంటే పూజ మిగులుతుంది, చుట్టరికం పోతుంది. పితృదేవత అందామా, ఏటికొక తద్దినంతో తీరేది కాదు ఆ అనుబంధం. రోగం వచ్చిందంటే చనిపోయిన వారెవరో తాకినట్లు. అప్పుడు కురాన్ అనే మధ్యవర్తి, చాలచోట్ల స్త్రీయే, ఆవేశం పూని కూర్చుంటుంది. ఆమె నోట తల్లియో బిడ్డయో మాట్లాడతారు. బ్రతికినవారు బదులు చెబుతారు. దెప్పుకుంటారు, ఏడుస్తారు, ఊరడిల్లుతారు. సంవత్సరాలు గడచి దుఃఖం చల్లారిన పిమ్మట ఆ పేరు ఇంట పుట్టిన శిశువుకు వస్తుంది. ఇంత లోకాన్ని నిఘంటువులో ఒక్క పంక్తిలో ఇమిడ్చేదెట్లు?

ఈ పరిశ్రమకు పంతులుగారు చెల్లించిన మూల్యం చిన్నది కాదు. మన్యంలో తిరిగి జ్వరపడి, క్వినైను సేవించగా వినికిడి దెబ్బతిన్నది. చెవితో తప్ప నేర్వరాని భాషను నేర్చినవారికి చెవుడు రావడం కంటె విషాదమేమున్నది? అయినా ఆయన పని ఆగలేదు. సవరభాషలో వాచకాలు వ్రాసి, సొంత సొమ్ముతో సవరపిల్లలకు బడులు పెట్టించారు. 1931లో ఇంగ్లీషున సవర వ్యాకరణం వెలువడింది. తరువాత నిఘంటువులు వచ్చినవి. 1934లో ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ స్వర్ణపతకంతో సత్కరించింది.

తెలుగు విషయంలో ఆయన పట్టిన పట్టుకు మూలం కొంత ఈ కొండలలోనే ఉన్నదని తోస్తుంది. సవరభాషకు ప్రాచీన గ్రంథం లేదు, మాట్లాడేవాడే ప్రమాణం. ఆ కొలతను తెలుగుకు వర్తింపజేసినప్పుడు, బాలుడు ఇంట ఆడే భాషను తప్పని చెప్పే బడి ఆయనకు అన్యాయంగా కనిపించింది. 1906 ప్రాంతంలో మొదలైన ఆ వాదం కోసం 1919లో తెలుగు అనే పత్రికను నడిపారు, పండితులతో కడదాకా పోరాడారు.

1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రంలో చేరినప్పుడు, అర్ధశతాబ్దికి పైబడిన నివాసాన్ని విడిచి రాజమహేంద్రవరానికి తరలివచ్చారు. విచిత్రమేమంటే, ఆ సంవత్సరమే మంగేయి గొమాంగో అనే సవర ప్రముఖుడు తన జాతికొక లిపిని కల్పించాడు. సొరాంగ్ సొంపెంగ్ అనే ఆ లిపిలోని ఇరవై నాలుగక్షరాలూ దేవతల పేర్లతో ముడిపడినవి. పరభాషీయుడు చెవియొగ్గి గౌరవించిన పలుకుకు సొంతబిడ్డడు రూపమిచ్చాడు. 2012లో ఆ అక్షరాలు యూనికోడ్‌లోను చోటు సంపాదించినవి.

పంతులుగారు 1940 జనవరి 22వ తేదీన మద్రాసులో పరమపదించారు. నేడు సవరలలో పలువురు క్రైస్తవులైనారు. మృతులతో జరిగే ఆ సంభాషణ అనేక గ్రామాలలో మూగవోయినది. ఆచారం పోయిన చోట దాని మాటలకు ఆధారంగా మిగిలినవాటిలో పంతులుగారి నిఘంటువు ఒకటి. అనువాదానికి లొంగని మాటను చూచి ఆయన వదలిపెట్టలేదు. అదే ముందుగా వ్రాసి ఉంచదగినదని ఎంచారు.

ఏటేటా ఆగస్టు 29వ తేదీన మన పాఠశాలలలో తెలుగుభాషా దినోత్సవం జరుపుకుంటున్నాము. పూలమాల వేసి ఊరుకొనక, ఆ దినాన మన పిల్లలను లంకలకు పంపుదాం. దోనెకు, వలకు, నీటి రంగుకు, గాలి వాలుకు అక్కడి వృద్ధులు వాడే మాటలను విని వ్రాసుకొని రమ్మందాం. ఇంగ్లీషు అర్థం దొరకని మాట ఎదురైతే దానికి మార్కులు తగ్గించవద్దు. దానినే మొదటి పుటలో వ్రాయిద్దాం.