పూర్వుల జాడ వెదకిన సురవరము ప్రతాపరెడ్డి

పితృకార్యములయందు తండ్రి, తాత, ముత్తాతల పేర్లు చెప్పుట మన యాచారము. నాలుగవ తరము వాని పేరడిగినచో పెద్దలు సైతము తడబడుదురు. ఒక కుటుంబము మాటయే యిట్లుండగా ఒక జాతి మాట చెప్పనేల? మన పూర్వులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాట లాడిరి, వారిలో కవితలల్లిన వారెవరు? ఈ ప్రశ్నలకు వ్రాతలలో సాక్ష్యము వెదకుటకై యెన్నియో యేండ్లు శ్రమించిన వారు సురవరము ప్రతాపరెడ్డిగారు.

ఆయన 1896వ సంవత్సరము మే 28వ తేదీన మహబూబ్‌నగర్ మండలమందలి బోరవెల్లి గ్రామమున జన్మించిరి. తల్లి రంగమ్మ, తండ్రి నారాయణరెడ్డి. స్వగ్రామము ఇటిక్యాలపాడు. ఈ సీమ నేడు జోగుళాంబ గద్వాల జిల్లాలో నున్నది. పినతండ్రి రామకృష్ణారెడ్డిగారి పోషణలో కర్నూలున చదువు సాగినది. పిమ్మట హైదరాబాదునందును, మద్రాసునందును చదివి న్యాయశాస్త్రపట్టము పొందిరి. సంస్కృతము, ఉర్దూ భాషలలోను మంచి పరిచయము సంపాదించిరి. అయినను న్యాయవాదవృత్తియందు ఆయన మనసు నిలువలేదు.

ఆ కాలమున హైదరాబాదు రాజ్యములో తెలుగువారి సంఖ్య మిక్కుటమే గాని తెలుగు చదువు మిక్కుటము కాదు. కచ్చేరీలలో ఉర్దూ, 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునందును బోధనభాష ఉర్దూయే. ఇట్టి స్థితిలో రెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను ప్రారంభించిరి. మొదట అది వారమునకు రెండుమారులు వెలువడుచుండెను. వ్యాసములు తామే వ్రాసి, అచ్చుతప్పులు తామే దిద్ది, ఒక్కొక్కప్పుడు మారుపేర్లతో పుటలు నింపి ఆయన దానిని నిలిపిరి.

ఇంతలో ఒక పండితుడు నిజాము రాష్ట్రమున తెలుగు కవులే లేరని తేల్చివేసెను. గద్వాల, వనపర్తి సంస్థానములు తరతరములుగా కవులను పోషించిన సీమలో పుట్టిన వారికి ఈ మాట ములుకువలె నాటక మానునా? కోపముతో ఘాటైన వ్యాసమొకటి వ్రాసి యూరకుండుట సులభము. అట్లు చేసియున్నచో నేడు దాని నెవరును తలపరు. రెడ్డిగారు ఆ దారి త్రొక్కక సాక్ష్యము కూర్చుటకు పూనుకొనిరి. ఎక్కడెక్కడి పల్లెలలోనో, ఏ పేరును లేక తాటాకులమీదను, చిత్తు కాగితములమీదను పద్యములు వ్రాసికొని యున్నవారి వివరములను, రచనలను సేకరించిరి. ఆ శ్రమ 1934లో గోలకొండ కవుల సంచికగా ఫలించినది. అందు 354 మంది కవులు చేరిరి. ఆ పుస్తకము లేకున్నచో వారిలో పలువురి పేర్లు వారి యిండ్లలోనే మాసిపోయి యుండెడివి. తమ తాత కవియని నేడు ఏ మనుమడైనను చూపగలిగినచో, అందుకు ఆ సంచికయే ఆధారమగుట కలదు.

ఆయన 1930లో మెదకు మండలమందలి జోగిపేటలో జరిగిన ప్రథమ నిజాము రాష్ట్రాంధ్ర మహాసభకు అధ్యక్షత వహించిరి. అటుపై ఆయన చూపు మరింత లోతునకు పోయినది. రాజుల వంశావళులు శాసనములలో కలవు. యుద్ధముల తేదీలు కలవు. రాజునకు పన్ను కట్టిన కాపువాని మాట, బట్ట నేసిన సాలెవాని మాట ఎవరు వ్రాసిరి? రెడ్డిగారు ప్రాచీన కావ్యములను ఈ కంటితో మరల చదివిరి. పాల్కురికి సోమనాథుని రచనలు, క్రీడాభిరామము, శుకసప్తతి, హంసవింశతి మున్నగువానిని అలంకారముల కొరకుగాక, అందు దాగిన బ్రదుకు కొరకు శోధించిరి. క్రీడాభిరామములో ఓరుగల్లు పూటకూటింటి ముచ్చట కలదు. రూక యిచ్చినవానికి ఏయే వంటకములు వడ్డించెడివారో అందు తెలియును. శుకసప్తతిలో పల్లెటి రెడ్డి సంసారము కన్నులకు గట్టును. హంసవింశతి ఆటల పేర్లు, వృత్తుల పేర్లు పోగుచేసిన కొట్టువంటిది. కవి నాయికను వర్ణించుచు జారవిడిచిన ఒక నగ పేరు, ఒక చీర పేరు ఆయనకు శాసనముతో సమానమైన ఆధారము. కవులు అతిశయోక్తులు పలుకుదురు, నిజమే. కాని కూరల పేర్లలో అబద్ధమాడవలసిన పని వారికేమున్నది?

ఇట్లు కూర్చిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర 1949లో వెలువడినది. సుమారు వేయి యేండ్ల సామాన్యుల జీవనము అందు వరుసగా నున్నది. మన పంటలు, పండుగలు, నాణెములు, జూదములు, మూఢాచారములు సైతము ఆయన దాచలేదు. తాతలయందు భక్తి యున్నను వారి దోషములను దోషములనియే వ్రాసిరి.

ఆయన 1952లో వనపర్తినుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి. మరుసటి యేడు ఆగస్టు 25వ తేదీన కన్నుమూసిరి. కేంద్ర సాహిత్య అకాడమి తెలుగునకు తన మొదటి బహుమతిని 1955లో ఆంధ్రుల సాంఘిక చరిత్రకే ప్రకటించినది. దానిని స్వీకరించుటకు గ్రంథకర్త లేరు.