హోవర్డు కార్టరు

రాజసమాధులలో ధనము వెదకినవారు ప్రాచీనకాలము నుండియు పెక్కురు కలరు. దొరకిన ధనమును కదలించుటకు ముందు అది యున్న చోటును గుర్తించి వ్రాసియుంచినవారు అరుదు. అట్టి అరుదైనవారిలో హోవర్డు కార్టరు ఒకడు.

ఇతడు 1874 మే 9వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి జంతువుల చిత్రములు గీయుటలో నేర్పరి. కార్టరునకు బడిచదువు స్వల్పము. తండ్రివలన అబ్బిన చిత్రలేఖనమే ఆస్తి. ఆ విద్యతోనే 1891లో, పదునేడేండ్ల ప్రాయమున, సమాధుల గోడలపై గల చిత్రములకు ప్రతులు గీయుటకై ఈజిప్టు చేరెను. మరుసటియేడు ఫ్లిండర్సు పెట్రీ వద్ద త్రవ్వకపుపని నేర్చెను. 1899లో పురావస్తుశాఖలో ఉన్నతోద్యోగి యయ్యెను.

పట్టుదల అతని గుణము. అదియే చేటును తెచ్చెను. 1905లో సక్కారా వద్ద ఫ్రెంచి యాత్రికులకును ఈజిప్టు కావలివాండ్రకును ఘర్షణ జరుగగా, అతడు కావలివాండ్ర పక్షము వహించెను. పైవారు కోరినను విచారము తెలుపడయ్యెను. తుదకు ఉద్యోగము విడిచి, చిత్రములు గీసి అమ్ముకొని బ్రతికెను.

కొన్నియేండ్లకు కార్నర్వన్ ప్రభువు అతనిని చేరదీసెను. 1917 నుండి రాజులలోయలో ఐదేండ్లు త్రవ్వినను ఆశించిన ఫలము లేదాయెను. ప్రభువు విసుగుచెందెను, కార్టరు మరియొక్క యేడు గడువు కోరెను. 1922 నవంబరు 4న రాతిమెట్టు ఒకటి బయటపడెను. మెట్లు దిగగా ముద్రలు వేసిన ద్వారము! అతడు తొందరపడలేదు. మెట్లను తిరిగి పూడ్పించి, ప్రభువు ఇంగ్లండునుండి వచ్చువరకు దాదాపు మూడువారములు వేచియుండెను.

అది ఇరువదియేండ్లయినను నిండకమున్నే మరణించిన టూటన్‌ఖామను రాజు సమాధి. నాలుగు గదులు, ఐదువేలకు పైగా వస్తువులు. లోపలి శవపేటిక ఒక్కటియే సుమారు 110 కిలోల బంగారము. కాని కార్టరునకు బంగారమెంతయో పూసలపేరులును అంతయే. దారము చివికిన పూసలు తాకినంతనే చెదరును. వానిపై కరగిన మైనము పోసి, ఉన్న వరుస చెడకుండ నెత్తిరి. ప్రతి వస్తువునకు సంఖ్య, ఛాయాచిత్రము, వివరపుచీటి. 1924లో ప్రభుత్వముతో తగవు వచ్చి పని ఇంచుమించు ఏడాది నిలిచెను. అంతయు ముగియుసరికి 1932 వచ్చెను.

1939 మార్చి 2న కార్టరు లండనులో మరణించెను. స్వదేశప్రభుత్వము అతనికి ఏ బిరుదమును ఈయలేదు. మరణానంతరము అతని సొత్తులో ఆ సమాధికి చెందిన చిన్నవస్తువులు కొన్ని కనబడగా ఈజిప్టునకు తిరిగి పంపిరి. ఆ మచ్చను దాచుట చరిత్రకు తగదు. నిధి ఈజిప్టులోనే నిలిచినది. అతని చీటీలు ఆక్స్‌ఫర్డులో ఉన్నవి. ఏ వస్తువు ఏ మూల, దేని ప్రక్కన ఉండెనో తెలియగోరు పండితులు నేటికిని ఆ చీటీలనే తిరుగవేయుచున్నారు.