దుర్గాబాయి దేశ్‌ముఖ్: సేవకు పాలనాపద్ధతి నేర్పిన జీవితం

ప్రభుత్వ పాలన, స్వచ్ఛంద సంస్థల నిర్వహణ నేడు విశ్వవిద్యాలయాల్లో స్నాతకోత్తర స్థాయిలో బోధించే విషయాలు. విరాళాలు సేకరించడం, ప్రభుత్వ గ్రాంటు పొందడం, ఖర్చుపెట్టిన ప్రతి రూపాయికీ లెక్క చెప్పడం అందులోని పాఠాలు. అలాంటి కోర్సులు అందుబాటులో లేని కాలంలో, ఎనిమిదో ఏటనే పెళ్లయి, బడి చదువు మధ్యలో ఆగిపోయిన ఒక తెలుగు మహిళ ఈ విద్యను అనుభవంలో నేర్చుకున్నారు. దానికి దేశవ్యాప్త వ్యవస్థ రూపం ఇచ్చారు. ఆమె దుర్గాబాయి దేశ్‌ముఖ్.

తొలి చందా, తొలి నియమం

1909 జులై 15న రాజమండ్రిలో జన్మించిన దుర్గాబాయి కాకినాడలో పెరిగారు. 1921లో గాంధీజీ ఆ ఊరికి వచ్చే నాటికి ఆమెకు పన్నెండేళ్లు కూడా నిండలేదు. దేవదాసీలు, ఘోషా పాటించే ముస్లిం స్త్రీలు ఆయన మాటలు వినాలని ఆమె కోరిక. అందుకు 5,000 రూపాయల నిధి సమర్పించాలని స్థానిక నిర్వాహకులు షరతు పెట్టారు. ఆ స్త్రీల సాయంతోనే ఆమె ఆ మొత్తాన్ని సమకూర్చి సభ జరిపించారు. గాంధీజీ ప్రసంగాన్ని తానే తెలుగులోకి అనువదించారు.

ఆంగ్లం రుద్దుతున్నారని బడి మానేసిన ఆమె, బాలికలకు హిందీ నేర్పేందుకు సొంతంగా పాఠశాల తెరిచారు. 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభల సందర్భంగా ప్రదర్శనశాల ద్వారం వద్ద స్వచ్ఛంద సేవకురాలిగా నిలిచి, టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూను సైతం లోపలికి పంపలేదు. నిర్వాహకులు టికెట్ కొని ఇచ్చాకే ఆయన లోపలికి వెళ్లగలిగారు. నియమం ఎవరికైనా ఒకటేనన్న ఆ పట్టుదల తర్వాతి జీవితమంతా ఆమె పనితీరులో కనిపిస్తుంది.

జైలు నుంచి విశ్వవిద్యాలయానికి

ఉప్పు సత్యాగ్రహం మొదలుకొని 1930-33 మధ్య ఆమె మూడుసార్లు జైలుకు వెళ్లారు. మదురై జైలులో మరణశిక్ష పడిన ఖైదీల గదుల పక్కన ఏకాంతవాసం అనుభవించారు. చట్టమంటే ఏమిటో, తమను తాము ఎలా సమర్థించుకోవాలో తెలియక శిక్షలు అనుభవిస్తున్న స్త్రీలను అక్కడ చూశారు. వారికి సానుభూతి ఒక్కటే చాలదని, తాను న్యాయశాస్త్రం చదవాలని ఆమె నిశ్చయించుకున్నారు.

ఆ చదువు మెట్రిక్యులేషన్ నుంచి మొదలుకావలసి వచ్చింది. కాశీ హిందూ విశ్వవిద్యాలయం పరీక్షలు రాసి ఉత్తీర్ణులయ్యాక, రాజనీతిశాస్త్రం చదివేందుకు వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని ఆశ్రయించారు. అక్కడ స్త్రీలకు వసతిగృహం లేకపోవడం అడ్డంకి అయింది. వసతి లేక చదువుకు దూరమైన అమ్మాయిలు తనను సంప్రదించాలని ఆమె పత్రికల్లో ప్రకటన ఇచ్చారు. స్పందించిన వారితో కలిసి వసతిగృహం ఏర్పాటు చేసుకున్నారు. ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి ప్రవేశానికి అంగీకరించారు. 1939లో ఆనర్స్ పూర్తి చేసిన దుర్గాబాయి, 1942లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా పొంది న్యాయవాద వృత్తి చేపట్టారు.

చదువుకుంటూనే ఆమె 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించారు. మైలాపూరులో బాలికలకు చదువు చెప్పిన చిన్న ప్రయత్నం నుంచి ఎదిగిన ఈ సంస్థ, కాలక్రమంలో మద్రాసులోనూ, హైదరాబాదులోనూ ఆసుపత్రులు, కళాశాలలు, వృత్తిశిక్షణ కేంద్రాలు నడిపింది.

నాలుగు కోట్ల పరీక్ష

రాజ్యాంగ సభలో దుర్గాబాయి చురుకైన సభ్యురాలు. ఎగువసభ సభ్యత్వానికి కనీస వయసును 35 నుంచి 30కి తగ్గించిన సవరణ ఆమెదే. తొలి సార్వత్రిక ఎన్నికల్లో ఓడిపోయినా, 1952లో నెహ్రూ ఆమెను ప్రణాళికా సంఘంలోకి తీసుకున్నారు. ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌తో ఆమె వివాహం 1953 జనవరిలో జరిగింది.

మొదటి పంచవర్ష ప్రణాళిక స్వచ్ఛంద సంక్షేమ సంస్థల సహాయానికి 4 కోట్ల రూపాయలు కేటాయించింది. ఆ సొమ్మును ఎవరు పంచాలన్నది అసలు ప్రశ్న. ప్రభుత్వ శాఖ చేతిలో పెడితే మారుమూల అనాథాశ్రమానికీ, చిన్న మహిళా మండలికీ అది చేరడం కష్టం. అలాగని లెక్కాపత్రం లేకుండా పంచడానికి అది ప్రజాధనం. ఈ రెంటికీ మధ్య మార్గంగా 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడింది. దుర్గాబాయి తొలి అధ్యక్షురాలయ్యారు. నిధులు ప్రభుత్వానివే అయినా, మండలిలో ప్రధాన స్థానం అధికారులు కాని సామాజిక కార్యకర్తలదే. మరుసటి ఏడాది రాష్ట్రాల్లోనూ సలహా మండళ్లు ఏర్పడ్డాయి. పల్లెల్లో బాలవాడీలు, ప్రసూతి సేవలు, చేతిపనుల శిక్షణ అందించే సంక్షేమ విస్తరణ పథకాలు మొదలయ్యాయి.

1958లో మండలి ప్రారంభించిన సంక్షిప్త విద్యాకోర్సుల్లో ఆమె సొంత జీవితమే కనిపిస్తుంది. చదువు ఆగిపోయిన వయోజన స్త్రీలు తక్కువ కాలంలో మెట్రిక్ స్థాయికి చేరేందుకు ఉద్దేశించినవి అవి. తాను నడిచిన దారినే, ఆంధ్ర మహిళా సభలో బాలికలకు చూపిన దారినే ఆమె జాతీయ పథకంగా మార్చారు. అదే ఏడాది ఏర్పాటైన జాతీయ మహిళా విద్యా కమిటీకి కూడా ఆమే అధ్యక్షురాలు.

మిగిలిన ప్రశ్న

పనితోపాటు అధ్యయనమూ అవసరమని ఆమె నమ్మారు. భారతదేశంలో సామాజిక సేవపై ప్రణాళికా సంఘం ప్రచురించిన విజ్ఞాన సర్వస్వం ఆమె కృషి ఫలితం. సామాజికాభివృద్ధి మండలి పేరుతో 1962లో ఢిల్లీలో ఒక పరిశోధనా సంస్థకు కూడా పునాది వేశారు. 1975లో పద్మవిభూషణ్ పురస్కారం అందుకున్నారు. 1981 మే 9న కన్నుమూశారు.

ప్రభుత్వ సొమ్ము తీసుకున్న సేవాసంస్థ తన స్వేచ్ఛను నిలుపుకోగలదా? గ్రాంటు ఆలస్యమైతే తలుపులు మూసుకోవలసిందేనా? ఈ రంగాన్ని చదివే విద్యార్థులకు ఈ ప్రశ్నలు నేటికీ ఎదురవుతున్నాయి. దుర్గాబాయి వాటిని పూర్తిగా పరిష్కరించలేదు. కానీ, పన్నెండేళ్లు నిండకముందే సేకరించిన 5,000 రూపాయల నుంచి జాతీయ ప్రణాళికలోని 4 కోట్ల దాకా ఆమె పనిలో ఒక సూత్రం కనిపిస్తుంది. అవసరంలో ఉన్నవారి మధ్య పనిచేసేవారికే నిర్ణయంలో చోటు ఉండాలి. నిర్ణయం తీసుకున్నవారు లెక్క చెప్పాలి.