మార్గరెటె ష్టైఫ్

అపొలోనియా మార్గరెటె ష్టైఫ్ (జూలై 24, 1847 - మే 9, 1909) జర్మనీ దేశానికి చెందిన బొమ్మల తయారీదారు, వ్యాపారవేత్త. పసితనంలోనే పోలియో వ్యాధి వలన కాళ్ళు చచ్చుబడి, జీవితమంతా చక్రాల కుర్చీలోనే గడిపిన ఈమె, ఇంట్లో చేతితో కుట్టిన గుడ్డ బొమ్మలను వర్తకులకు టోకున అమ్ముతూ, కాలక్రమంలో ప్రపంచ ప్రసిద్ధి పొందిన ష్టైఫ్ బొమ్మల కర్మాగారాన్ని నెలకొల్పినది. టెడ్డీ బేర్ అని పిలువబడే ఎలుగుబంటి బొమ్మ దాదాపు ఒకే కాలంలో రెండు చోట్ల పుట్టినది. అందులో ఒకటి అమెరికాలోని బ్రూక్లిన్ కాగా, రెండవది మార్గరెటె కర్మాగారం.

జననం, బాల్యం

దక్షిణ జర్మనీలోని వుర్టెంబెర్గ్ రాజ్యంలో, బ్రెంట్స్ నదీతీరాన ఉన్న గీంగెన్ అనే చిన్న పట్టణంలో మార్గరెటె జన్మించింది. తండ్రి ఫ్రీడ్రిష్ ష్టైఫ్ గృహనిర్మాణ మేస్త్రీ. నలుగురు సంతానంలో ఈమె మూడవది. మారీ, పౌలీనె ఈమె అక్కలు, ఫ్రిట్జ్ తమ్ముడు. ఒకటిన్నర ఏళ్ళ వయసులో వచ్చిన తీవ్ర జ్వరం తరువాత ఈమె కాళ్ళు కదలలేదు. కుడిచేయి కూడా బలహీనపడి, ఎత్తితే నొప్పి పెట్టేది. 1856లో లుడ్విగ్స్‌బుర్గ్ పట్టణంలో శస్త్రచికిత్స చేయించారు. పిదప వేడినీటి ఊటలకు పేరుపొందిన వైల్డ్‌బాడ్‌కు పంపారు. ఏ చికిత్సా ఫలించలేదు. కొంతకాలానికి, ఇక వైద్యుల కోసం తిరగడం మాని ఉన్న శక్తితోనే బ్రతకాలని ఈమె నిశ్చయించుకొన్నది.

తోడబుట్టినవారు, ఇరుగుపొరుగు పిల్లలు ఈమెను చిన్న బండిలో కూర్చోబెట్టి పాఠశాలకు లాగుకొని వెళ్ళేవారు. కుడిచేతి నొప్పి వలన కుట్టుపని ఈమెకు మొదట్లో ఏమాత్రం పట్టుబడలేదు. అయినా పట్టుదలతో 17 ఏళ్ళ వయసుకు కుట్టు పాఠశాల చదువు పూర్తిచేసింది. జిథర్ అనే తంత్రీవాద్యాన్ని నేర్చుకొని, ఇతరులకు నేర్పింది కూడా. ఆ కాలంలో నడవలేని ఆడపిల్ల జీవితాంతం కుటుంబానికి భారమనే భావన బలంగా ఉండేది. చేతిలో ఒక వృత్తి ఉండడం ఈమెకు ఎంత అవసరమో దీనిని బట్టి ఊహించవచ్చును. ఈమె వివాహం చేసుకోలేదు.

కుట్టుపని నుండి టోకు వ్యాపారానికి

అక్కలతో కలిసి ఈమె ఊరివారికి దుస్తులు కుట్టడం మొదలుపెట్టింది. వారు కొన్న కుట్టుమిషను ఆ పట్టణానికి వచ్చిన మొట్టమొదటిదని చెబుతారు. మిషను చక్రం కుడివైపున ఉండడం వలన బలహీనమైన చేతితో త్రిప్పడం కష్టమైనది. అప్పుడు మార్గరెటె మిషనునే వెనుకకు త్రిప్పి పెట్టుకొని, ఎడమచేతితో చక్రం నడిపింది. 1874లో తండ్రి ఇంట్లో కొంత భాగాన్ని మార్చి ఈమెకు ఒక పనిగది ఏర్పాటు చేశాడు.

ఊరివారి దుస్తులు కుట్టడంలో ఒక పరిమితి ఉన్నది. ప్రతి దుస్తుకూ వేరే కొలత, ప్రతిసారీ మనిషి వచ్చి నిలబడాలి. గీంగెన్ వంటి చిన్న ఊరిలో దొరికే గిరాకీ కూడా కొద్దిపాటిదే. ఈ పరిస్థితిని మార్చినది ఫెల్ట్ (ఉన్నిని నేయకుండా తడిపి, ఒత్తి తయారుచేసే మందపాటి బట్ట). ఈమె తల్లి వైపు బంధువులైన హేన్లె కుటుంబం వారికి గీంగెన్‌లోనే ఫెల్ట్ కర్మాగారం ఉండేది. ఫెల్ట్‌ను కత్తిరిస్తే అంచు నుండి దారాలు ఊడవు, కాబట్టి అంచు మడిచి కుట్టవలసిన అవసరం లేదు. పని త్వరగా సాగుతుంది. బంధువుల ప్రోత్సాహంతో 1877లో మార్గరెటె ఫెల్ట్ దుస్తుల దుకాణం తెరిచి, లోపావడాలు, పిల్లల కోట్లు సిద్ధపు కొలతలలో కుట్టించసాగింది. ఆ లోపావడాలను స్టుట్‌గార్ట్ నగరపు వర్తకులు మొత్తంగా కొనుగోలు చేశారు.

టోకు అమ్మకంలో ఒక్కొక్క వస్తువుపై వచ్చే లాభం తక్కువే. కాని డజన్ల లెక్కన ఒకేసారి సరుకు కదులుతుంది. కొనుగోలుదారుల కోసం ఊరూరా తిరిగే పని వర్తకునిది. నడవలేని మార్గరెటె వంటి వ్యక్తికి ఇంతకన్నా తగిన పద్ధతి లేదనవచ్చును. పని పెరగగానే ఈమె ఇతర స్త్రీలకు కుట్టుపని అప్పగించింది.

ఏనుగు బొమ్మ

1879 డిసెంబరులో ఒక ఫాషన్ పత్రికలో చిన్న గుడ్డ ఏనుగు నమూనా ఈమె కంటబడినది. దానిని అనుసరించి ఫెల్ట్‌తో, లోపల ఉన్ని కూరి, గుండుసూదులు గుచ్చి ఉంచుకొనే చిన్న దిండును తయారుచేసింది. బంధుమిత్రులకు వీటిని కానుకలుగా ఇవ్వగా, పెద్దల సూదులకంటే పిల్లల చేతులే వాటిని ఎక్కువగా పట్టుకొన్నాయి. ఆ రోజుల్లో బొమ్మలు ఎక్కువగా చెక్కవీ, పింగాణీవీ, తగరపువీ. మెత్తగా ఉండి, పడినా పగలని బొమ్మ పిల్లలకు కొత్త. సంస్థ తన స్థాపనను 1880 నుండి లెక్కిస్తుంది.

తమ్ముడు ఫ్రిట్జ్ ఒక సంచి నిండా ఏనుగులను సమీపంలోని హైడెన్‌హైమ్ సంతకు తీసుకొనిపోయి అమ్మి, తిరిగి వస్తూ ఆర్డర్లు తెచ్చాడు. 1886 నాటికి 5,000కు పైగా ఏనుగులు అమ్ముడుపోయాయి. తరువాత గుర్రాలు, కోతులు, ఒంటెలు, కుక్కలు, పిల్లులు జతపడినవి. 1890 ప్రాంతంలో ఫ్రిట్జ్ అక్కకోసం దుకాణం, పనిశాల కలిసి ఉన్న ఇల్లు కట్టించాడు.

పదే పదే టోకున కొనే వర్తకునికి రెండు విషయాలు కావాలి. ఎదురుగా సరుకు లేకపోయినా చూసి ఎంచుకోవడానికి ఒక పట్టిక ఉండాలి. మొదటి డజను ఎలా ఉన్నదో పదవ డజనూ అలాగే ఉండాలి. మార్గరెటె 1892లో మొదటి కేటలాగు ప్రచురించింది. 1893 మార్చిలో సంస్థను ఫెల్ట్ బొమ్మల కర్మాగారంగా నమోదు చేయించింది. అప్పటినుండి లైప్జిగ్ సంతలో ఈ బొమ్మలు ప్రదర్శనకు వెళ్ళసాగాయి. దేశదేశాల టోకు వర్తకులు నమూనాలు చూసి ఆర్డర్లు ఇచ్చే ప్రధాన కేంద్రం అది. ఊరిలోని స్త్రీలు చాలామంది ఇంటిపట్టున ఉండి బొమ్మలు కుట్టి, సంస్థకు అప్పగించి కూలి తీసుకొనేవారు. కొత్త బొమ్మ నమూనాను మార్గరెటె స్వయంగా పరీక్షించి, లోపాలు సరిదిద్దిన తరువాతే అమ్మకానికి పంపేది.

ఎలుగుబంటి, 3,000 బొమ్మల ఆర్డరు

ఫ్రిట్జ్ కుమారులు ఒకరి తరువాత ఒకరుగా సంస్థలో చేరారు. వారిలో రిచర్డ్ స్టుట్‌గార్ట్‌లో కళావిద్య అభ్యసించి, అక్కడి జంతుప్రదర్శనశాలలో ఎలుగుబంట్ల చిత్రాలు గీసేవాడు. 1897లో మేనత్త సంస్థలో చేరి, 1902లో కాళ్ళు చేతులు కదిలే ఎలుగుబంటి బొమ్మను రూపొందించాడు. మోహైర్ (ఒక జాతి మేక బొచ్చు) ప్లష్ బట్టతో చేసిన దీనిని 55 పి.బి. అని వ్యవహరించారు, 55 అనేది సెంటీమీటర్లలో కొలత. ఇంత ఖరీదైన బొమ్మ అమ్ముడవుతుందా అని మార్గరెటె మొదట సందేహించినట్లు చెబుతారు.

1903 వసంతకాలపు లైప్జిగ్ సంతలో న్యూయార్క్‌కు చెందిన టోకు దిగుమతి సంస్థ జార్జి బోర్గ్‌ఫెల్ట్ కంపెనీ ప్రతినిధి ఈ ఎలుగుబంటిని చూసి 3,000 బొమ్మలకు ఆర్డరు ఇచ్చాడు. అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్ 1902లో మిసిసిపీలో వేటకు వెళ్ళినపుడు, కట్టివేసిన ఎలుగును కాల్చడానికి నిరాకరించాడు. దానిపై క్లిఫర్డ్ బెర్రిమాన్ గీసిన వ్యంగ్యచిత్రం వలన అధ్యక్షుని ముద్దుపేరైన టెడ్డీ ఈ బొమ్మలకు అంటుకొన్నది. 1904 సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో ష్టైఫ్ సంస్థ 12,000 ఎలుగుబంట్లను విక్రయించినది.

మార్గరెటె కథను చాలామంది ఈ ఆర్డరుతోనే మొదలుపెట్టి, అంతా అదృష్టమన్నట్లు చెబుతారు. అది సరికాదు. కుట్టేవారు, నమూనాలు, కేటలాగు, సంతలో పరపతి అంతకు ముందు పాతికేళ్ళపాటు సమకూరి ఉండకపోతే, అంత పెద్ద ఆర్డరును ఒక చిన్న పట్టణం తలకెత్తుకోగలిగేది కాదు.

చెవిలో గుండీ

వర్తకుని ద్వారా అమ్మే వస్తువుకు ఒక ప్రమాదం ఉన్నది: అది ఎవరు చేశారో కొన్నవారికి తెలియదు, అనుకరణ బొమ్మలు వచ్చినా గుర్తుపట్టలేరు. దీనికి విరుగుడుగా మార్గరెటె మేనల్లుడు ఫ్రాంజ్ ఆలోచన మేరకు 1904 నుండి ప్రతి బొమ్మ చెవిలో లోహపు గుండీ బిగించసాగారు. మొదటి గుండీలపై ఏనుగు బొమ్మ, తరువాతి వాటిపై ష్టైఫ్ పేరు ఉండేవి. 1905లో ఇది వ్యాపార చిహ్నంగా నమోదైనది.

పెరిగిన పనికోసం 1903లో ఉక్కు చట్రంతో, రెండు పొరల గాజు గోడలతో కొత్త భవనం కట్టారు. లోపల పనిచేసే స్త్రీలు బయటికి కనబడుతుండడం వలన ఊరివారు దానిని కన్యల అక్వేరియం అని వేళాకోళం చేసేవారు. చక్రాల కుర్చీలో వెళ్ళడానికి వీలుగా మెట్లకు బదులు వాలుబాట నిర్మించారు.

చివరి సంవత్సరాలు

1906లో సంస్థను పరిమిత బాధ్యత కంపెనీగా మార్చి, నిర్వహణను సోదరుని కుమారులకు అప్పగించారు. 1907లో దాదాపు 9,74,000 ఎలుగుబంట్లు తయారయ్యాయి. అప్పటికి కర్మాగారంలో 400 మంది, ఇళ్ళవద్ద 1,800 మంది పనిచేసేవారు. న్యుమోనియా వ్యాధితో 1909 మే 9న, 61వ ఏట మార్గరెటె గీంగెన్‌లో మరణించింది.

ఈమె జీవితం ఆధారంగా 2005లో జర్మన్ టెలివిజన్ చిత్రం వెలువడినది. అదే సంవత్సరం గీంగెన్‌లో ష్టైఫ్ బొమ్మల ప్రదర్శనశాల ప్రారంభమైనది. మొదటి 55 పి.బి. ఎలుగుబంట్లలో ఒక్కటి కూడా ఇంతవరకు బయటపడలేదు.