రాగిరేకుపై ధారవోసిన జీవితము

పూర్వపు రాజుల ముఖములను మనము పుస్తకములలో చూచి గుర్తింపగలుగుచున్నాము. ఆ ముఖములను కాగితముపై నిలిపిన శ్రమజీవులను గుర్తించువారు మాత్రము అరుదు. అట్టివారిలో వెన్సెస్లాస్ హోలర్ అగ్రగణ్యుడు.

హోలర్ 1607లో ప్రేగ్ నగరమున జన్మించెను. ఇరువది యేండ్ల ప్రాయమున స్వదేశము విడిచి, జర్మను నగరములలో బొమ్మలు చెక్కుచు జీవించెను. 1636లో ఆంగ్లేయ రాయబారిగా వచ్చిన ఆరండెల్ ప్రభువు కొలోన్ నగరమున ఇతని నేర్పు చూచి, తన పరివారములో చేర్చుకొని లండనునకు తోడ్కొనిపోయెను. ప్రభువు భవనములో హోల్బైన్, లియొనార్డో వంటి మహాశిల్పుల చిత్రములుండెను. కొందరికే కనబడుచుండిన ఆ సంపదను హోలర్ ముద్రణములుగా మార్చి పలువురి కందించెను. వాన్‌డైక్ చిత్రించిన రాజదంపతుల రూపములు కూడ ఇతని చేత రేకుల కెక్కినవి.

ఆ పని సులభమైనది కాదు. రాగిరేకుపై మైనపు పూత పూసి, సూదితో గీతలు గీయవలెను. రేకును ఆమ్లములో ముంచగా, గీత పడినచోట మాత్రమే రాగి తినబడును. ఆ పల్లములలో సిరా నింపి, పైభాగము తుడిచి, తడి కాగితము పరచి యంత్రమున నొక్కవలెను. వెండ్రుకవాసి తప్పినను ముఖకవళిక మారిపోవును. ఇట్టి ఫలకములను హోలర్ తన జీవితమున సుమారు 2,700 సిద్ధపరచెను.

1642లో ఆరండెల్ దేశము విడిచెను. ఆ యేటనే అంతర్యుద్ధము చెలరేగెను. 1644లో హోలర్ ఆంట్వెర్ప్ చేరెను. 1646లో ప్రభువు ఇటలీలో మరణించెను. 1652లో హోలర్ లండనునకు మరలి వచ్చునప్పటికి ఆదరించు ప్రభువు లేడు. పని యిచ్చు పుస్తక వర్తకులే యుండిరి. అతడు గంటల లెక్కను కూలికి పనిచేసెను. బల్లపై ఇసుక గడియార ముంచుకొని, ఎవరైన వచ్చి పలుకరించినచో, వారు వెడలువరకు దానిని ప్రక్కకు పరుండబెట్టెడివాడట! చేయని పనికి కూలి గొనుట అతనికి సమ్మతము కాదు. చేసిన పనికి తగిన కూలి మాత్రము అతనికి దక్కలేదు.

1666 నాటి లండను అగ్నిప్రమాదము తరువాత రాజు బిరుదమిచ్చెను. బిరుదము వలన ఆకలి తీరలేదు. 1677లో హోలర్ నిరుపేదగా కన్నుమూసెను. ప్రాణము పోవువరకు తాను పరుండిన మంచమునైన ఉండనిండని, జప్తునకు వచ్చినవారిని వేడుకొనెనని ప్రతీతి.

ప్రభువుల ముఖములు నేటికిని నిలిచియున్నవి. ఆ బొమ్మల అడుగున, సన్నని అక్షరములలో, హోలర్ పేరు నున్నది.